సెట్టయిపోద్ది లేమ్మా!

ఆత్మకూరంటే ఏ ఆత్మకూరు? మా నెల్లూరు జిల్లాలో ఒకటుంది, నంద్యాల జిల్లాలో ఒకటుంది, అనంతపురం వైపొకటి, తెలంగాణలో వనపర్తి వైపొకటి. ఉత్త ఊరి పేరు రాసి పార్సిలు పంపితే అది ఏ జిల్లాలో కాపురం పెడుతుందో చెప్పలేం. 1972లో తపాలా శాఖ వారు పిన్‌కోడు పెట్టింది ఇలాంటి చిక్కులకే. 524322 అన్నామా, ఇక వాదం లేదు, అది మా ఆత్మకూరే. పేరు పిలుచుకోవడానికి, నంబరు గుర్తుపట్టడానికి.

ఇంత చిన్న సంగతి మోటారు సైకిలు సామాను దగ్గరికొచ్చేసరికి మనవాళ్ల తలకెందుకు ఎక్కదో నాకు బోధపడదు. "ఫలానా బండికి బ్రేకు ప్యాడ్లివ్వండి" అంటారు ఇంటాయన. కౌంటరు వెనకాయన ఏదో ఒకటి తీసి, "ఇది సెట్టయిపోద్ది" అంటాడు. ఆ ఒక్క మాట మీద భరోసా పెట్టుకుని మనమూ, మన పిల్లలూ ఉదయగిరి అవతలి కొండదారుల్లో వెనక సీటు మీద ప్రయాణం చేస్తున్నామండీ! నా తగువంతా ఆ మాటతోనే.

"అది మగవాళ్ల వ్యవహారం, మనకెందుకు?" అనే సోదరీమణులను ఒకటడుగుతాను. కుక్కరు గాస్కెట్టు తేవాలంటే మీరేం చేస్తారు? ఏ కంపెనీదో, ఎన్ని లీటర్లదో, మూత లోపలికి పోయేదో పైన బిగించేదో అన్నీ చెబుతారు. అనుమానముంటే పాతది సంచీలో వేసుకెళతారు. జాకెట్టు గుడ్డకైతే చీర కొంగు పట్టుకెళ్లి, కొట్లో దీపాన్ని నమ్మక వీధిలోకి తెచ్చి ఎండలో పోల్చి చూస్తారు. బండి సామానుకు కావలసిన విద్య అదే. ఇందులో మీసాలతో పనేముంది?

అందులోనూ మట్టిదారులకూ కొండదారులకూ చేసిన బళ్లతో చిక్కు ఇంకాస్త ఎక్కువ. కుర్రాళ్లు మోజుపడే హీరో ఎక్స్‌పల్స్ 200నే చూడండి. 2019లో వచ్చింది. రావడమే కార్బురేటరుతో ఒకటి, ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో ఒకటి. 2020లో పొగ నిబంధనలు మారి బీఎస్6 రకం వచ్చింది. 2021లో నాలుగు వాల్వుల ఇంజనుతో మరొకటి. పైకి చూస్తే అన్నదమ్ములే, కానీ ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టాలని లేదు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. ముందు చక్రానికి మామూలు బండి ట్యూబు ఇచ్చి సెట్టయిపోద్దంటే ఎలా అవుతుంది? అదే కంపెనీ 2011లో తెచ్చిన ఇంపల్స్ తయారీ ఏనాడో ఆగిపోయింది. పేరు చెప్పి అడిగితే "ఆ బండే రావట్లేదమ్మా" అంటారు. నంబరు చెబితే, అదే పార్టు ఇంకో బండికి వాడుతున్నారేమో వెతకడానికైనా దారి దొరుకుతుంది.

ఆ నంబరు పట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ముందు ఆర్‌సీ తీయండి. దాని మీద 17 అక్షరాలూ అంకెలూ కలిసిన ఛాసిస్ నంబరుంటుంది. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, అంకెలతో పొరబడతామని. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నాయే. తయారైన నెలా సంవత్సరమూ చూడండి. రిజిస్ట్రేషనైన సంవత్సరం వేరు కావచ్చు. ఆ వివరాలతో కంపెనీ పార్టుల క్యాటలాగు తెరిస్తే, బండిని మరమేకుతో సహా విడదీసి గీసిన బొమ్మలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఎడమ, కుడి అంటే బండి మీద కూర్చున్నవాళ్ల ఎడమ కుడులు, ఎదురుగా నిలబడి చూసేవాళ్లవి కావు. చైను సైజు దాని పక్క పలకల మీదే కొట్టి ఉంటుంది. 428 చైను 520 పళ్లచక్రం మీద కూర్చోదు. అల్లికలో కుట్లు లెక్కపెట్టే మనకు చైను లింకులు లెక్కపెట్టడం ఒక పనా? సిలిండరు ఇదివరకే బోరు చేయించి ఉంటే మాత్రం క్యాటలాగులో మొదటి నంబరు చాలదు, ఇప్పుడున్న పిస్టను సైజు కొలిపించాల్సిందే.

"ముప్ఫై ఏళ్ల అనుభవమున్న మెకానిక్కుకు మీరు నేర్పుతారా?" అనొచ్చు. నేర్పను. ఆయన చేతికి దండం పెడతాను. కానీ తప్పు పార్టొస్తే ఇంజను రెండోసారి విప్పాల్సింది ఆ చేతులే కదా! నిజాయితీపరుడు నంబరు చూసి సంతోషిస్తాడు. విసుక్కునేవాడి సంగతే ఆలోచించుకోవాలి. లోకల్ సామానంతా చెడ్డదనీ నేననను. హ్యాండిలు రబ్బరో, అద్దమో అయితే సర్దుకుపోదాం. బ్రేకు దగ్గర, చక్రం దగ్గర సర్దుకుపోవడమేమిటండీ?

అసలు దోషం క్యాటలాగును తాళపత్రంలా దాచుకుని, బిల్లు మీద "స్పేర్స్" అని ఒక్క ముక్క గీకే పద్ధతిది. పావుకిలో కందిపప్పుకూ పద్దు రాసుకునే ఇల్లాలు వేల రూపాయలకు ఆ ఒక్క ముక్కతో సరిపెట్టుకోవాలా? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. అందులో చేర్చిన నాలుగు రంగాల్లో వాహనాలదొకటి. మోసపోతే 1915కు ఫోను చేయొచ్చు. కానీ ఢిల్లీలో తెరిచిన పోర్టల్ తనంతట తాను నడిచొచ్చి ఆత్మకూరు కౌంటరు దగ్గర నిలబడదు. నిలబడాల్సింది మనం.

అడగవలసినవి మూడే. బిల్లు మీద పార్టు నంబరు వేయాలి. పెట్టె మన ఎదుటే విప్పాలి. తీసేసిన పాత పార్టు మన చేతికివ్వాలి. పాల లెక్కలు రాసే పుస్తకంలోనే బండికొక పేజీ కేటాయించి, ఏ తేదీన ఏ నంబరు పార్టు వేశారో రాసిపెట్టుకోండి. మళ్లీ ఎవరైనా "సెట్టయిపోద్ది లేమ్మా" అంటే, "నంబరు చెప్పు నాయనా" అనండి. కోపమొస్తే రానివ్వండి. ఆయన కోపం సాయంత్రానికి తగ్గుతుంది. దిగుడులో పడని బ్రేకుకు మాత్రం రెండో అవకాశం ఉండదు.