పాత కలములు - కొత్త వెల

పాతకాలపు కలములను మరల చేయుడని వానిని సేకరించువారు గొప్ప కంపెనీలను వేడుకొనుచున్నారు. పార్కరువారు 1941 నాటి '51' కలమును 2021లో మరల వెలువరించిరి. పేరు పాతదే గాని, లాగినంత వచ్చు మూతకు మారుగా మరమూత వచ్చినది. మనము అంతదూరము పోనక్కరలేదు. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నముగారు చేసిన కలమును గాంధీమహాత్ముడు 1935లో వాడిచూచి, బజారులోని విదేశీ కలములకిది చక్కని బదులని వ్రాసిరి. ఎబొనైటు కడ్డీని తరిమెనపట్టు ఆ పని నేటికిని ఆ యూర నిలిచియున్నది. అది ధనికుల అద్దాల బీరువాకే పరిమితమైనచో స్వదేశి యన నేమి మిగులును? టెక్కలి బడిపిల్లవాడు కొని వ్రాయదగిన సాదా రకమును, పాత తీరుననే, విరివిగా చేయుడని కోరుచున్నాము. పలాస జీడిపప్పు వర్తకులారా, మీ చిట్టాల కొరకైనను ముందుగా తలకొకటి కొనుడు!