కండలు తిరిగిన కార్లు!

రెండు కార్లు. ఒకటి తూర్పు ముఖంగా, ఇంకొకటి పడమర ముఖంగా. మధ్యలో ఓ మనిషి. కార్లకు కట్టిన గొలుసుల కొసలు ఆయన రెండు చేతులకూ బిగించి ఉంటాయి. డ్రైవర్లు ఇంజిన్లు రంకెలేయిస్తారు. చక్రాలు దుమ్ము రేపుతాయి. కార్లు మాత్రం అంగుళం కదలవు! మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తాతలు మనవలకు చెప్పే కథ ఇది. ఆయన పుట్టింది వీరఘట్టంలో. అప్పట్లో శ్రీకాకుళం వైపు ఊరు, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికీ ఆయన పేరే పెట్టారు.

రామ్మూర్తి నాయుడు 1942లో కన్నుమూశారు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లకు అమెరికాలో కార్లకే కండలొచ్చాయి. వాటినే ‘మజిల్ కార్లు’ అన్నారు. ఇప్పుడవి అక్కడ తాతగారి పెట్టెలో దాచిన బంగారంలాంటివి. మన కుర్రాళ్ల సెల్‌ఫోన్ తెరల మీదా, గదుల్లో గోడల మీదా అవే బొమ్మలు. అరవై ఏళ్లనాటి పాత కార్ల మీద ఇంత మోజెందుకు?

చిన్న ఒళ్లు... పెద్ద గుండె

సూత్రం చాలా సింపుల్. మామూలు మధ్యతరగతి కారు తీసుకోవడం, అందులో పెద్ద కారుకు పెట్టే ఇంజిన్ బిగించడం. అంతే! మేకపిల్లకు ఏనుగు గుండె పెట్టినట్లన్నమాట.

1964లో పాంటియాక్ కంపెనీ చేసిందిదే. నిజానికి మధ్యరకం కార్లలో అంత పెద్ద ఇంజిన్ పెట్టకూడదని దాని మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో ఓ నియమం ఉండేది. అక్కడి ఇంజినీర్లు దానికో చిట్కా కనిపెట్టారు. వాళ్ల పెద్ద జాన్ డెలోరియన్. కొత్త కారు అని చెప్పకుండా, ‘టెంపెస్ట్’ అనే మామూలు కారుకు ‘కావాలంటే ఇదీ తీసుకోవచ్చు’ అంటూ అదనపు సదుపాయంగా అమ్మారు. దాని పేరు జీటీవో. ఇంజిన్ 6.4 లీటర్లు, బలం 325 గుర్రాలు. ఓ అయిదు వేలు అమ్ముడైతే గొప్ప అనుకున్నారు. మొదటి ఏడాదే 32 వేలు దాటాయి!

అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ కంపెనీ ‘మస్టాంగ్’ను తెచ్చింది. మస్టాంగ్ అంటే కళ్లెం లేకుండా తిరిగే అడవి గుర్రం. ధర 2,368 డాలర్లు. ఉద్యోగంలో చేరిన కుర్రాడు వాయిదాల మీద కొనుక్కోగలిగిన ధర. మొదటిరోజే 22 వేల ఆర్డర్లు వచ్చాయి. లెక్కకు దీన్ని ‘పోనీ కారు’ అంటారు కానీ పెద్ద ఇంజిన్ పెట్టిన మస్టాంగులు మజిల్ కార్ల సరసన చేరిపోయాయి. తర్వాత పోటీ మొదలైంది. 1966లో డాడ్జ్ చార్జర్, 1967 మోడల్‌గా షెవర్లే కమారో, 1968లో ప్లిమత్ రోడ్ రన్నర్. ఈ చివరిదాని కథ పిల్లలకు బాగా నచ్చుతుంది. టీవీలో తోడేలుకు చిక్కకుండా ‘బీప్ బీప్’ అంటూ పరిగెత్తే పక్షి పేరే దానిది. ఆ పేరు వాడుకోవడానికి కార్టూన్ కంపెనీకి 50 వేల డాలర్లు కట్టారు. హారన్ కూడా ఆ పక్షి కూతలాగే ఉండేలా చేయించారు.

1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో ఆకుపచ్చ మస్టాంగు, నల్ల చార్జర్‌ను శాన్‌ఫ్రాన్సిస్కో మెట్ట వీధుల్లో వెంటాడుతుంది. దాదాపు పది నిమిషాలు. ఆ సినిమాలో వాడిన మస్టాంగు 2020 జనవరిలో వేలానికి వస్తే పలికిన ధర 34 లక్షల డాలర్లు. ఫీజులు అదనం!

‘ఎంతిస్తుంది?’

మన దగ్గర ఎవరైనా కొత్త బండి కొంటే చుట్టుపక్కలవాళ్లు వేసే మొదటి ప్రశ్న ఇదే. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని! ఆ ప్రశ్న మజిల్ కారు యజమానిని అడిగితే పాపం తల దించుకుంటాడు. నాలుగో అయిదో, అంతే.

అమెరికా రోడ్ల మీద జీటీవోలు గర్జిస్తున్న రోజుల్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనూ, విజయనగరం గంటస్తంభం దగ్గరా ఎక్కువగా కనిపించే కార్లు రెండు రకాలు... అంబాసిడర్, ఫియట్. అంబాసిడర్ ఇంజిన్ లీటరున్నర. అంటే ఒక్క జీటీవో ఇంజిన్‌లో నాలుగు అంబాసిడర్లు పట్టేస్తాయి. అదీ బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తే దొరికేది. అంతకుముందు పరిస్థితి వేరు. జనరల్ మోటార్స్ 1928 నుంచే బొంబాయిలో కార్లు బిగించేది. ఫోర్డూ అంతే. జమీందార్ల ఇళ్ల ముందు షెవర్లేలు, బ్యూయిక్‌లు నిలబడిన కాలమది. దేశంలోనే తయారు చేయాలన్న విధానం రావడంతో 1950ల మధ్యకల్లా ఆ రెండు కంపెనీలూ దుకాణం సర్దేశాయి. దాంతో అసలు కండల కార్లు పుట్టేనాటికి మన తలుపులు మూసి ఉన్నాయి.

మస్టాంగు మన దేశంలో అధికారికంగా అమ్మకానికొచ్చింది 2016లో. ధర 65 లక్షల రూపాయలు! అమెరికాలో కుర్రాడి కారు, ఇక్కడికి వచ్చేసరికి కోటీశ్వరుడి కారైంది. ఆ ముచ్చటా ఎక్కువకాలం సాగలేదు. 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీకే స్వస్తి చెప్పింది.

అందుకే ఆ మోజు తీర్చుకుంటున్నది విమానమెక్కి వెళ్లినవాళ్లే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం దొరికిన తెలుగు కుర్రాళ్లలో చాలామందికి మొదటి కల మస్టాంగో, చార్జరో. కొన్నరోజే బానెట్ మీద చెయ్యేసి దిగిన ఫొటో ఇంటికి వస్తుంది. ‘కారు బావుంది నాయనా, మెల్లగా తోలు’ అని అమ్మ అంటుంది. నాన్న అడిగేది మాత్రం పాత ప్రశ్నే... ‘ఎంతిస్తాదేటి?’

సరదా పందెం

డెట్రాయిట్ అమెరికాలో కార్ల పుట్టిల్లు. అక్కడి ఉడ్‌వర్డ్ అవెన్యూ ఓ పెద్ద రోడ్డు. 1960ల్లో రాత్రయితే చాలు, కుర్రాళ్లు కార్లతో చేరేవారు. ఎర్రలైటు దగ్గర రెండు కార్లు పక్కపక్కన ఆగేవి. ఒకరినొకరు చూసుకుని ఓ నవ్వు. పచ్చలైటు పడగానే... రయ్! తర్వాతి లైటు దాకా ఎవరు ముందైతే వాళ్లదే గెలుపు. కార్ల కంపెనీల ఇంజినీర్లు కూడా కొత్త మోడళ్లు తీసుకొచ్చి అక్కడ రహస్యంగా పరీక్షించేవారంటారు. డబ్బు కోసం కాదు... ‘నా బండి గొప్పదా, నీ బండి గొప్పదా’ అన్న పంతం, అంతే.

ఈ పంతం మన పల్లెలకు కొత్తేమీ కాదు. సంక్రాంతికీ, అమ్మవారి జాతరలకూ ఉత్తరాంధ్ర ఊళ్లలో జరిగే ఎడ్ల బండ్ల పరుగు పందాలు చూసినవాళ్లకు ఉడ్‌వర్డ్ కథ వెంటనే అర్థమవుతుంది. గుంటూరు, ప్రకాశం వైపు ఎడ్లచేత బండ లాగిస్తారు. అక్కడ బలం ముఖ్యం. ఇక్కడ వేగం ముఖ్యం. తేలికపాటి బండికి గిత్తల్ని కట్టి దౌడు తీయిస్తారు. ఎవరు తక్కువ సమయంలో గీత దాటితే వాళ్లదే బహుమతి. ఆ గిత్తలకు ఏడాది పొడవునా ఉలవలు పెట్టి, ఒళ్లు రుద్ది, బిడ్డల్లా సాకుతారు. అమెరికా కుర్రాడు ఆదివారం పూట షెడ్డులో కూర్చుని కార్బురేటర్ తుడుచుకోవడం కూడా ఇలాంటిదే. అయితే పౌరుషం పేరుతో మూగజీవాల్ని హింసించకూడదని 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండ్ల పందాల మీద ఇచ్చిన తీర్పులో గట్టిగానే చెప్పింది. అదీ గుర్తుంచుకోవాలి.

ఎడ్ల పందెంలో గమనించాల్సింది ఇంకోటుంది. దానికో చోటుంది. ముందుగా చాటింపు ఉంది. జనం పక్కకు జరిగి నిలబడతారు. గీత గీసేవారూ, టైము చూసేవారూ ఉంటారు. ఓడినవాడు తలపాగా దులుపుకుని ‘వచ్చే ఏడు చూద్దాం’ అంటాడు. సరదా పందెం అంటే అది!

రోడ్డు నుంచి రన్‌వేకి

అమెరికాలో పందాలు రోడ్ల మీద సాగినంతకాలం చావులూ సాగాయి. పోలీసులు తరమడం, కుర్రాళ్లు సందుల్లో దూరడం. ఈ దాగుడుమూతలు ఆగాలంటే నిషేధం ఒక్కటే చాలదని కొందరికి తట్టింది. వాళ్లలో ముఖ్యుడు వాలీ పార్క్స్. 1951లో ‘నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్’ అని ఓ సంఘం పెట్టాడు. ‘పందెం వెయ్యండి, కానీ రోడ్డు మీద కాదు’ అన్నది దాని సిద్ధాంతం. ఖాళీగా పడి ఉన్న విమానాల రన్‌వేలు, మైదానాలు వెతికారు. పావు మైలు, అంటే 402 మీటర్ల తిన్నని దారి. హెల్మెట్ ఉండాలి, బండిని ముందుగా తనిఖీ చేయాలి, పక్కన అంబులెన్స్ ఉండాలి. విచిత్రమేమిటంటే ఈ పనిలో పోలీసులే చేయి కలిపారు. నిన్నటిదాకా తరిమినవాళ్లే పక్కన నిలబడి పందాలు నడిపించారు. అలా పుట్టిన ‘డ్రాగ్ రేస్’ ఇప్పుడు అక్కడ పెద్ద క్రీడ. ఉడ్‌వర్డ్ మీద కూడా 1995 నుంచి ఏటా ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతోంది. పందెం లేదు, వేగం లేదు. కుటుంబాలు కుర్చీలు వేసుకుని రోడ్డు పక్కన కూర్చుని చూస్తాయి.

ఇలాంటి కథ మనకూ ఉంది. అదీ శ్రీకాకుళం మీదుగా వెళ్లే రోడ్డు పక్కనే! ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, నరసన్నపేట దాటుకుని దక్షిణానికి పోయే పాత అయిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి పదహారు, మద్రాసు చేరబోయే ముందు షోళవరం అనే ఊరు తగులుతుంది. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఒకటి ఖాళీగా మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని పందాల బరిగా మార్చింది. దశాబ్దాల పాటు అక్కడ కార్లూ, మోటార్ సైకిళ్లూ పోటీపడ్డాయి. వేల జనం తరలివచ్చేవారు. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గరున్న ఇరుంగట్టుకోట్టైలో అసలు సిసలు ట్రాక్ వచ్చింది. తెలుగువాళ్లు వీధి పందెం కూడా చూశారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన దాదాపు మూడు కిలోమీటర్ల రోడ్లు మూసి, అడ్డుగోడలు కట్టి ‘ఫార్ములా ఈ’ ఎలక్ట్రిక్ కార్ల పందెం నడిపారు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. వీధిలో పందెం తప్పు కాదు, వీధిని ఖాళీ చేయకుండా పందెం వేయడం తప్పు!

మన హైవే మీద...

నాలుగు వరుసల రోడ్డు వచ్చాక భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల వైపు హైవే అద్దంలా తయారైంది. సాయంత్రమైతే కుర్రాళ్ల చేతులు దురద పెడతాయి. సైలెన్సర్ పీకేసిన బైకులు, వెనకాల ఇద్దరు, తల మీద హెల్మెట్ ఉండదు. పందెం కాసేది ఓ బిర్యానీ. పోయేది ప్రాణం.

లెక్క చూడండి. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె కనిపించి, మెదడు ‘బ్రేకు’ అనేలోపే ఓ సెకను గడుస్తుంది. అప్పటికి ఓ కొబ్బరితోట అడ్డం దాటేసినట్లే. వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు! డ్రాగ్ స్ట్రిప్ మీద ఎదురుగా ఎవరూ రారు. మన హైవే మీదో? అడ్డదారిన వచ్చే ఆటో, జీడిపప్పు లారీ, అంచున ఆరబోసిన ధాన్యం, రోడ్డు దాటే ముసలమ్మ... అందరూ ఉంటారు. ఆ పందెంలో వాళ్లెవరూ పేరివ్వలేదు. ప్రాణం మాత్రం వాళ్లదీ పణంగానే ఉంటుంది.

చట్టమూ ఊరుకోదు. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మూడు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, పది వేల దాకా జరిమానా. బండి నడిపి నేరం చేసింది మైనరయితే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. పదో తరగతి పాసైతే బైకు కొనిస్తానని మాటిచ్చే నాన్నలు ఈ నాలుగు ముక్కలూ ఓసారి చదువుకుంటే మంచిది.

గర్జన తగ్గినా...

మజిల్ కార్ల వైభవం పదేళ్లే. వరస ప్రమాదాలతో బీమా కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. 1970లో పొగ మీద గట్టి చట్టం వచ్చింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. బంకుల ముందు బారులు తీరిన అమెరికావాళ్లు మొదటిసారి మన ప్రశ్నే వేసుకున్నారు... ఎంతిస్తుంది?

తర్వాత ఆ పేర్లు మళ్లీ తిరిగొచ్చాయి. మళ్లీ వెళ్తున్నాయి కూడా. పాత తరహా చార్జర్, చాలెంజర్ల తయారీ 2023 డిసెంబరుతో ముగిసింది. కమారో కూడా ఆ దారే పట్టింది. ఎలక్ట్రిక్ చార్జర్ వచ్చింది కానీ దానికి చప్పుడే లేదు. అందుకని పాత ఇంజిన్‌లా గర్జించే యంత్రం ఒకటి పెట్టారు!

పాత కార్ల మీద మోజు తీరనిదీ అందుకే. బానెట్ ఎత్తితే ప్రతి ముక్కా కనిపిస్తుంది. స్పానరు తెలిసినవాడు సొంతంగా విప్పి బిగించుకోవచ్చు. తండ్రీ కొడుకులు కలిసి మసి పూసుకోవచ్చు. మన దగ్గర ఆ ముచ్చట తీరాలంటే చార్జరే అక్కర్లేదు. తాతగారి రాజ్‌దూతో, పెరట్లో తుప్పు పడుతున్న అంబాసిడరో చాలు. ఇంట్లో కుర్రాడి చేతికి తాళం ఇచ్చే ముందు స్పానరు ఇచ్చి చూడండి. బండి ఎలా ఆగుతుందో తెలిసినవాడికే దాన్ని ఎంత వేగంగా నడపాలో తెలుస్తుంది.

కలియుగ భీముణ్ని జనం ఇన్నేళ్లుగా తలుచుకుంటున్నది కార్లను పరిగెత్తించినందుకు కాదు, ఆపినందుకు!