పుర్రచెయ్యి అని కసరకండి!

మా ఆడబిడ్డ కూతురు మొన్న సెలవులకు మడకశిర వచ్చింది. ఎనిమిదో తరగతి. మా వీధి చివర చింతచెట్టు కింద నలుగురు మగపిల్లలు చేరి రాళ్ళు విసురుతున్నారు. ఒక్క కాయా రాలడం లేదు. ఇది పోయి ఎడమచేత్తో ఒకే ఒక్క రాయి వేసింది. టపటపా నాలుగు కాయలు పడ్డాయి! నేను మెచ్చుకునేలోపే అరుగు మీంచి మా అత్త కేక వేసింది. "ఏమ్మే, ఆ పుర్రచేత్తో ఏం పనులే అవి? రేపు అత్తగారింట్లో ఆ చేత్తోనే వడ్డిస్తావా?"

పాప చెయ్యి వెనక్కి దాచుకుంది. నాకు ప్రాణం చివుక్కుమంది.

ఎడమచెయ్యి అంటే మనకు ఎంత చిన్నచూపో! అంగట్లో ఆ చేత్తో డబ్బులిస్తే తీసుకోరు. తాంబూలం అందిస్తే అపచారం. పలక మీద ఆ చేత్తో రాస్తే బడిలో బెత్తం, అన్నం తింటే ఇంట్లో గరిటె. మగపిల్లాడైతే పోనీలే అంటారు. ఆడపిల్లయితే మాత్రం పెళ్ళిచూపుల దాకా అదో బెంగ.

ఈ బెంగ పడే అమ్మలకు మన రాయలసీమ పిల్లల్నే ముగ్గుర్ని చూపిస్తాను. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద ఇండియా తరఫున ఫాస్ట్ బౌలింగ్ వేసింది. మన అనంతపురం జిల్లా బండ్లపల్లి అమ్మాయి బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద స్పిన్ వేసింది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం పిల్ల శ్రీచరణి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ముగ్గురిదీ ఎడమచేతి బౌలింగే!

బండ్లపల్లి అంటే గుర్తుందిగా? 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది ఆ ఊళ్ళోనే. కరువు పనికి పేరుపడిన ఊరి నుంచి ఇండియా జెర్సీ దాకా వెళ్ళిందంటే మాటలా? అనంతపురంలో ఆర్.డి.టి. వాళ్ళ మైదానం, అక్కడ నేర్పేవాళ్ళు లేకపోతే ఆ చేతి వాటం పొలం గట్టు మీదే ఉండిపోయేది.

ఎడమచేతి స్పిన్‌లో ఉన్న కిటుకు ఏమిటంటే, కుడిచేత్తో బ్యాటు పట్టినవాళ్ళకు బంతి నేల తాకాక అవతలికి, దూరంగా తిరుగుతుంది. ఎక్కువమంది కుడిచేతి వాళ్ళే కాబట్టి ఆ వాటం జట్టుకు బంగారం. శ్రీచరణి మొదట్లో పరుగు పందేలు, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడింది. క్రికెట్ ఆ తరవాతే. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తన మొదటి టీ20లోనే ఇంగ్లండ్ మీద 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. నవంబరు 2న మనవాళ్ళు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచారు కదా, ఆ టోర్నీలో ఈ పిల్లవి 14 వికెట్లు. మన జట్టులో దీప్తి శర్మ తరవాత ఆమే.

తొంభై ఏళ్ళ కిందట అమెరికాలోనూ ఇలాంటి పుర్రచేతి పిల్ల ఒకతె ఉండేది. పేరు జాకీ మిచెల్. వాళ్ళ బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి. మన బౌలర్ చోట అక్కడ 'పిచర్' ఉంటాడు. బంతి నేలకు తగలకుండా, మోచెయ్యి వంచి విసురుతాడు, అచ్చం మా పాప చింతకాయలకు విసిరినట్టు. పొరుగున ఉండే డాజీ వాన్స్ అనే పేరున్న పిచర్ ఆమెకు చిన్నప్పుడే ఆ విద్య నేర్పాడు. చట్టనూగ అనే ఊరి జట్టు డబ్బిచ్చి తీసుకుంది. 1931 ఏప్రిల్ 2న, పదిహేడేళ్ళ వయసులో, న్యూయార్క్ యాంకీస్ మీద బంతి పట్టుకుంది. ఎదురుగా బేబ్ రూత్, ఆ తరవాత లూ గెరిగ్. ఇద్దరూ ఆ కాలపు మహామహులు. వరసగా ఇద్దర్నీ అవుట్ చేసి పంపింది!

అదంతా ముందే అనుకుని ఆడిన నాటకమని కొందరు ఇప్పటికీ అంటారు. మగవాడు ఓడిపోతే నాటకం, ఆడది ఓడిపోతే ఆట రాకపోవడం... ఇది మనకు తెలియని న్యాయమా! ఆ రోజు కెమెరాల కోసం మైదానంలోనే ఆమె చేత ముఖానికి పౌడరు అద్దించారట కూడా. ఆ తరవాత ఊరూరా తిరిగి వింత చూపించే జట్లలో ఆడింది. 1937లో, 23 ఏళ్ళకే ఆట వదిలేసింది.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2022 అక్టోబరులో క్రికెట్ బోర్డు ఆడవాళ్ళకూ మగవాళ్ళతో సమానంగా మ్యాచ్ ఫీజు అంది. వన్డేకు 6 లక్షలు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ వచ్చింది. శ్రీచరణిని ఢిల్లీ జట్టు మొదట 55 లక్షలకు, 2025 నవంబరు వేలంలో 1.30 కోట్లకు తీసుకుంది. కప్పు గెలిచాక రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. సంతోషమే. కానీ అంజలి శర్వాణిని చూడండి, గాయంతో 2023 ఏషియాడ్ జట్టులోంచే తప్పుకోవలసి వచ్చింది. అందుకే చదువు మాన్పించి బంతి చేతికివ్వమని నేను అనడం లేదు. అందరూ శ్రీచరణులు కారు.

నేను అడిగేది చాలా చిన్నది. సాయంత్రం అయిదయితే మన ఊళ్ళలో గ్రౌండ్లన్నీ మగపిల్లలవే. ఆడపిల్లకు అదే వేళకు బిందె, చీపురు, తమ్ముడి కాపలా. ఆ ఒక్క గంట దానికి వదలలేమా? ఏ బడిలో విసరగల పిల్ల ఉందో డ్రిల్లు సారు చూస్తాడు, కానీ ఇంటికొచ్చి చెబితే "పెద్దమనిషయింది సార్, ఇంక ఆటలెందుకు" అనేది ఎవరు? మనమే కదా, అమ్మలమే! కప్పు పట్టుకుని వచ్చాక హారతి పళ్ళెం తీసుకుని ముందు నిలబడేదీ మనమే.

మా ఇంట్లో ఆ సాయంత్రం పెద్ద పంచాయితీ నడిచింది. శ్రీచరణి ఫొటో చూపించి ఇది కడప పిల్లేనని చెబితే మా అత్త కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "అన్నం మాత్రం కుడిచేత్తోనే తినాల" అంది చివరికి. పాప సరేనంది. ఆదివారం సంతలో ఓ టెన్నిస్ బంతి కొనిచ్చాను. వెనకింటి గోడకు తగిలి అది వెనక్కొచ్చే చప్పుడు, సెలవులు అయ్యేదాకా రోజూ దీపాలు పెట్టే వేళ దాటాక కూడా వినిపించింది. మా అత్త ఒక్కసారీ లోపలికి రమ్మని పిలవలేదు.