పెద్దకథలో దారి



టోల్కిన్ పండితుడు రచించిన "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" అను మహాగ్రంథమును జదువ నారంభించి, యేబది పుటలైన దాటకమునుపే మూసిపెట్టితిమని చెప్పువారు మనలో ననేకులు గలరు. వంటకును పిల్లల స్నానములకును నడుమ జిక్కిన యరగంటలో జదువువారికి గథాసూత్రము తెగుట సహజము. దానికి దమ బుద్ధిమాంద్యమే కారణమని తలచి కుందుట తగదు.

1954, 1955 సంవత్సరములలో లండనునందు మూడు సంపుటములుగా వెలువడినను, ఇది యొక్కటే కథ. లోపల నాఱు కాండములు గలవు. మొదటి యుపోద్ఘాతములో హాబిట్లను పొట్టిజాతివారి యాచారములు, పొగాకు ముచ్చటలు విస్తారముగా నున్నవి. ఉంగరము దొరకిన వృత్తాంతమును మాత్రము చదివికొని, బిల్బో జన్మదినపు విందునకు బోయినను గొఱత లేదు.

పేర్ల చిక్కు మనకు గ్రొత్త గాదు. విరాటపర్వమున నర్జునుడు తన పది పేర్లను ఉత్తరునకు జెప్పుట యెఱిగిన వారికి, స్ట్రైడరే అరగార్న్ అనియు, ఎలెస్సార్ కూడ నాతడే యనియు గ్రహించుట యెంతపని? మేము పుస్తకమున నొక కాగితము నుంచి, క్రొత్త పేరు తగిలినప్పుడెల్ల వ్రాసికొంటిమి. సౌరాన్, సారుమాన్ అను నిరువురను మాత్రము కలుపరాదు. మొదటివాడు ఉంగరమును జేసిన దుష్టుడు. రెండవవాడు త్రోవ తప్పిన మాంత్రికుడు. ఇంత దగ్గఱ పేర్లు పెట్టుట గ్రంథకర్త లోపమే యని మా తలంపు.

అసలు కష్టము రెండవ సంపుటములో నున్నది. కూడి బయలుదేరినవారు విడిపోవుదురు. మూడవ కాండమంతయు అరగార్న్ మొదలగువారి కథయే. ఫ్రోడో, సామ్ ఎచ్చటను గనబడరు. నాలుగవ కాండమున గాలము వెనుకకు మరలి, వారిద్దఱి నడక మొదలగును. ఏది ముందో యేది వెనుకో తోచనప్పుడు మూడవ సంపుటము చివరనున్న రెండవ యనుబంధమును దెఱవవలయును. ఏ దినమున నెవ్వరెక్కడ నుండిరో యందు దేదీలతో వ్రాయబడియున్నది. అయితే మీ రున్న పంక్తిని దాటి చూచితిరా, కథాంతము తెలిసిపోవును! క్రిందిభాగమును గాగితముతో గప్పుకొనుడు.

మఱియొక మాట. ప్రియునికై యమరత్వమును విడిచిన ఆర్వెన్ వృత్తాంతమును గ్రంథకర్త మొదటి యనుబంధములో, రాజుల వంశచరిత్రల నడుమ నుంచినాడు. యుద్ధములకు వందల పుటలు, ఆమెకు గొన్ని పుటలు! కథ ముగిసినదని పుస్తకము మూయక, యా పుటలను గూడ జదువుడు.