ఆట వాళ్ల పిల్లలకు, ఆయా పని మన తల్లులకా?



బోరబండ స్టేషన్ల ఎమ్మెమ్టీఎస్ ఎక్కి లింగంపల్లి దిక్కు పోతే మొదట వచ్చేదే హైటెక్ సిటీ. ఒక్కటే స్టేషన్ దూరం. 1998లో సైబర్ టవర్స్ లేచింది, దాని ఎన్క అద్దాల మేడలు లేచినయి. వాటికి ఇటుకలు మోసింది ఎవరు? ఇయ్యాల వాటిని ఊడ్చేది ఎవరు? ఆ మేడలోళ్ల పిలగాండ్లు పోయే ప్లే స్కూళ్లల్ల ముక్కు తుడిచి, ముడ్డి కడిగే ఆయా ఎవరు? మన అక్కే, మన వదినే.

అక్కడ మూడేండ్ల పిల్లకు ఇసుక, రంగులు, బొమ్మలు, రోజుకో కథ. దానికి వేలకు వేల ఫీజు. ఆ ఆయమ్మ సొంత బిడ్డ మాత్రం బస్తీల ఇరుకు అర్రలో నోటి మీద వేలేసుకొని కూసోవాలె. ఆట ఒక కులానిదీ, ఊడ్చుడు ఇంకో కులానిదీనా?

"మా పిల్లలకు ఆటలెందుకు, అక్షరాలు కావాలె" అని మనోళ్లే అంటరు. అప్పు చేసి గల్లీ కాన్వెంటుల వేసి, మూడేండ్ల పిల్లకు హోంవర్కు ఇస్తే సంబురపడతరు. తరతరాలు మనకు అక్షరం అందకుండ చేసిన మనుధర్మం మీది కోపం ఆ మాటల ఉన్నది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఒక్కటి ఆలోచించండి. ఉన్నోళ్లు తమ పిల్లలకు ముందు ఆట కొనిపెట్టి, తర్వాత అక్షరం ఎందుకు పెడుతున్నరు? ఆటే అక్షరానికి మెట్టు గనుక. వామనగుంటలాడే పిల్ల చింతగింజలు పంచుకుంట లెక్క నేరుస్తది. కథ వినే పిల్ల "తర్వాత ఏమైంది? ఎందుకైంది?" అని అడుగుతది. మనువాదికి కావాల్సింది చూసి రాసే చెయ్యి, అడగని నోరు. మనకు కావాల్సింది అడిగే నోరు!

మాంటిసోరి అని బోర్డు కట్టి ఫీజులు గుంజుతున్నరు. ఆ తల్లి మొదటి బడి ఎక్కడ పెట్టింది? 1907 జనవరి 6న, రోమ్ నగరంల, శాన్ లోరెంజో అనే కూలోళ్ల వాడల. తల్లిదండ్రులు పనికి పోతే దిక్కులేక తిరిగే పిల్లల కోసం పెట్టింది. బోరబండ అసొంటి బస్తీల పుట్టిన చదువు అది. ఇయ్యాల మనకే అమ్ముతున్నరు!

కథ మనకు కొత్తనా? భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలతోనే జనాన్ని మేల్కొలిపిండు. చిందోళ్లు, డక్కలోళ్లు జాంబపురాణం చెప్పి మన పుట్టుక మనకు గుర్తుచేసిండ్రు. ఆ కథలు మన పిల్లల అంగన్‌వాడీల వినపడాలె.

మరి సర్కారు ఏం చేసింది? 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైంది. గుడ్డు, పప్పుతో పాటు ఆటపాటల చదువు కూడ అందులో ఉన్నది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ చేసి చదువును ప్రాథమిక హక్కు అన్నరు. కానీ ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాకే! ఆరేండ్లలోపు పిల్లలను 45వ అధికరణంల "ప్రయత్నం చేస్తం" అనే మాటకు వదిలేసిండ్రు. 2020 విద్యావిధానం మూడేండ్ల నుంచే ఆటతో చదువు అన్నది. కాగితం మీద ఆట ఉన్నది, పిల్ల ఉరకటానికి జాగ లేదు. టీచరమ్మకు జీతం కాదు, "గౌరవ వేతనం". తూకాలు, సర్వేలు, రిజిస్టర్లు ఆమె నెత్తినే. ఇగ కథ ఎప్పుడు చెప్పాలె?

అక్కలారా, అడుక్కునుడు బంద్ చేద్దాం. అడుగుడు మొదలుపెడదాం. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది: ఆరేండ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఊరుగానీ బస్తీగానీ అడిగితే మూడు నెలల్ల పెట్టాలె. దళితవాడలకు మొదటి వంతు ఇయ్యాలె. ఊరూరా, బస్తీబస్తీనా పిల్లలను లెక్కపెట్టండి. పేర్లు రాసి దరఖాస్తు ఇయ్యండి, రసీదు తీసుకోండి. ఉన్న సెంటర్‌కు పోయి బొమ్మలేవి, వాకిలేది, కథ ఎవరు చెప్తున్నరు అని నిలదీయండి. టీచరమ్మ మీద పడకండి, ఆమెను కలుపుకొని ఆఫీసు మీదికి పోండి.

ఆట భిక్ష కాదు, మన పిల్లల హక్కు!

జై భీమ్!