సైలెన్సర్ మార్చే అన్నలకు ఒక మాట

మన గోడపత్రికలో చెట్ల గురించి, చదువు గురించి చాలామంది రాసిండ్రు. నేను మోటారు సైకిలు గురించి రాస్తున్నాను. ఆడపిల్లకు బండి సంగతి ఎందుకు అని నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

హుజూర్‌నగర్ నుండి అటు కోదాడ, ఇటు మిర్యాలగూడ దాకా ఎక్కడ చూసినా అన్నలు కంపెనీ సైలెన్సర్ పీకేసి డబడబ మోగే పైపు వేయిస్తున్నారు. పెద్దలు చప్పుడు గురించి తిడతారు. అది న్యాయమే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బడి, దవాఖాన, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినంక, శబ్ద ప్రమాణం మీరిన బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉండొచ్చు. చప్పుడు సంగతి పోలీసులు చూసుకుంటారు. నేను చెప్పేది ఆయిల్ నట్టు సంగతి.

ఇంజను అడుగున ఒక నట్టు ఉంటది. అది విప్పితే నల్లగైన ఆయిల్ కారిపోతది, మళ్ళీ కొత్తది పోస్తారు. మాది 100 సీసీ బండి, పట్టేది ఒక లీటరు లోపే. పానా ఉంటే పావుగంట పని. మా అన్న వేయించిన బెండు పైపు ఇంజను కింద నుండి వంకర తిరిగి సరిగ్గా ఆ నట్టు ముందరికే వచ్చింది. పానా పట్టదు. ఆయిల్ మార్చాలంటే ముందు పైపు ఊడదీయాలె. పైపును ఇంజనుకు బిగించే స్టడ్డులు వేడికి, తుప్పుకు పట్టేసి ఉంటయి. గట్టిగా తిప్పితే విరుగుతయి. విరిగితే లేత్ షాపుకు పోవాలె. తీసిన ప్రతిసారీ రింగు ప్యాకింగు కొత్తది వేయాలె, లేకుంటే అక్కడ గాలి కొట్టి పటపటమంటది.

అందుకే మెకానిక్ "వచ్చే వారం తీసుకురా" అన్నడు. అన్న కూడా వచ్చే వారం అన్నడు. అట్ల నాలుగు నెలలు గడిచినయి. ఆయిల్ అడుగంటి ఇంజను పట్టేసింది. మా నాయన పాలక్యాన్లు వేసుకొని పోయేది ఆ బండి మీదనే. రాత్రిపూట తండాలో ఎవరికి నొప్పులొచ్చినా తీసుకపోయేది కూడా అదే. ఇంజను బోరు చేయించడానికి రెండు నెలల పాల పైసలు పోయినయి. మా యాడి ఇప్పటికీ ఆ పైపును పేరు పెట్టి తిడుతుంది, ఆ పేరు ఇక్కడ రాయకూడదు.

బండితో పాటు కంపెనీ వాళ్ళు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. మా ఇంట్లో అది బీరువాలో బట్టల కింద ఉండె. చదివే మనిషి లేకపోయె. దసరా సెలవుల్లో నేను చదివిన. ఆయిల్ నట్టు ఎక్కడ ఉందో, ఎన్ని కిలోమీటర్లకు చూడాలో అన్నీ బొమ్మలతో ఉన్నాయి.

పైపు మారిస్తే బండి బాగా లాగుతది అని అన్న అంటడు. చిన్న ఇంజనుకు మరీ వెడల్పు పైపు వేస్తే, బరువుతో మెల్లగా పోయేటప్పుడు లాగుడు తగ్గుతది కూడా. 2020 ఏప్రిల్ నుండి అమ్మే బీఎస్-6 బండ్లలో ఇంకో చిక్కుంది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పైపులోనే ఉంటది, చాలా బండ్లకు ఆక్సిజన్ సెన్సర్ కూడా దానికే బిగించి ఉంటది. పైపు పీకితే అవీ పోతాయి. పాత పైపు తుప్పు పట్టి చిల్లు పడితే మార్చక తప్పదు, నేను ఒప్పుకుంటా. అప్పుడు కూడా కొనేముందు బండి కింద వంగి, పానా తిరగడానికి జాగా ఉంటదా అని చూడాలె. దుకాణంలో చప్పుడు వినిపిస్తరు గాని ఇది చూపించరు.

వార్డెన్ మేడంగారు కోప్పడకుంటే ఇంకో మాట. మన హాస్టల్లో బోరు మోటారు స్టార్టరు డబ్బా ముందర బియ్యం బస్తాలు పెడతారు. మోటారు ఆగిన రోజు ముందు బస్తాలు మోసేది మేమే. అదీ ఇదీ ఒకటే జబ్బు.

అన్న ఇప్పుడు పాత సైలెన్సర్ మళ్ళీ పెట్టించిండు. ఆ వంకర పైపును మిర్యాలగూడలో దోస్తుకు అమ్ముతా అంటున్నడు. ఆ దోస్తు చెల్లె మన ఎనిమిదో తరగతిలోనే ఉంది. చెల్లే, ఇది చదివినంక ఆదివారం మీ ఇంటికి ఫోన్ చెయ్యి.

– 9వ తరగతి విద్యార్థిని