మా అమ్మ ఏ గడప దాటాలి?

డిగ్రీ చదివే రోజుల్లో శాఖా గ్రంథాలయంలో ‘మైదానం’ దొరికింది. చలం 1927లో రాసిన నవల. బ్రాహ్మణ వకీలు భార్య రాజేశ్వరి మొగుణ్ణీ ఇంటినీ వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఒక్క రాత్రిలో చదివేశాను. ఆ తర్వాత ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987) చదివి, బతికితే అరుణలాగా బతకాలనుకున్నాను. అబద్ధం చెప్పను, ఆ నవలలు నాకు ధైర్యమిచ్చాయి. డిగ్రీ మాన్పించి పెళ్ళి చేస్తానన్న మా నాయనకి ఎదురు చెప్పింది ఆ ధైర్యంతోనే.

ఆ కథలు మా అమ్మకి చెప్పాను. అప్పుడే మిరపకోతల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. అంతా విని, “గడప దాటితే పుస్తకం రాస్తారంటే? మరి నేను రోజూ దాటతానే ఉన్నా గదే!” అంది.

నవ్వాను. కానీ ఆ మాట ముల్లై దిగింది.

నిజమే, మా అమ్మ ఏ గడప దాటాలి? కోడి కూయకముందే ముఠాతో పొలానికి పోయే మనిషికి ఇంట్లో కూచునే తీరికే దొరకలేదు. ఆమె మొగుడి సంపాదన మీద బతకలేదు. తన కూలితోనే మా అందరి కడుపులూ నింపింది. అయినా స్వతంత్రురాలు కాలేదు. సెంటు భూమి లేదు గనక. మగకూలీకిచ్చినంత కూలి ఆమెకివ్వలేదు గనక. కొడుకు ఈడు కుర్రాడు గట్టు మీద నిలబడి “ఏమే” అంటే పలకాల్సొచ్చింది గనక. తాగొచ్చిన నాయన చెయ్యెత్తితే కాచుకోవాల్సొచ్చింది గనక.

స్త్రీవాద మిత్రులారా, మిమ్మల్ని తిట్టటానికి రాయటం లేదు. మీ నాయిక గడప దాటిన రోజున ఆ ఇంట్లో అంట్లు తోమిందెవరు? ఆమె పేరేంటి? ఆమెని పెరట్లోనే ఆపింది ఒక్క మగవాళ్ళేనా? దళిత అన్నలారా, మీరూ నవ్వుకోకండి. ‘దళితుడు’ అని మీరు రాసిన చోటా మా అమ్మ లేదు.

ఈ మాట నేనొక్కదాన్నే అనటం లేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో ‘నల్లపొద్దు’ వచ్చింది. జాజుల గౌరి ‘మన్నుబువ్వ’, జూపాక సుభద్ర ‘రాయక్క మాన్యం’ వచ్చాయి. అవి నాకు గ్రంథాలయంలో దొరకలేదు. జీతమొచ్చాక కొనుక్కుని చదివాను. వాటిల్లో మా అమ్మని చూశాను.

నా నేరమూ ఒకటుంది. డీఎస్సీలో ఉద్యోగమొచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం కుర్చీలో కూచుని నవల చదువుతున్నాను. దొడ్లో మా అమ్మ నా కంచం కడుగుతోంది. నా స్వేచ్ఛకీ అంట్లు తోమే మనిషి కావాల్సొచ్చింది! లేచి కంచం లాక్కున్నాను. “నువ్వు సదువుకోయే” అంది. ఆ రోజు చదవలేకపోయాను.

మిరపకోతలొస్తే మా బడిలో ఆడపిల్లల హాజరు పడిపోతుంది. ఇళ్ళకి పోయి పిలుచుకొస్తాను. వాళ్ళు దాటాల్సిన గడప ఇంటిది కాదు, బడిది. దాన్ని బయట్నుంచి లోపలికి దాటాలి.